సాక్ష్యము: ప్రవేశము, తూకము

1937వ సంవత్సరము మార్చి 23వ తేదీన పూరీ రైల్వే స్టేషనులో ఒక మూడవ తరగతి పెట్టెలో ఉక్కుతో చేసిన ట్రంకుపెట్టె ఒకటి కనబడెను. అది నాదని చెప్పువారెవరును లేరు. తెరచి చూడగా అందులో ఏడు ఖండములుగా నరకబడిన మనుష్యుని కళేబరము ఉండెను. కొన్ని దినములకు ఆ కళేబరము పిఠాపురమునకు చెందిన నలుబదేండ్ల వయస్సుగల ఒక మాజీ బంట్రోతుదని అతని భార్య గుర్తుపట్టెను. అతడు మార్చి 21వ తేదీన ఇల్లు విడిచి బరంపురము పోవు రైలునకు బయలుదేరినాడు. పిఠాపురమునుండి బరంపురమునకు సుమారు 250 మైళ్లు. ఆ ఇనుపదారి పలాస, సోంపేట, ఇచ్ఛాపురముల మీదుగా, ఒకప్పటి జలంత్ర జమీందారీ సీమను దాటి పోవును. తిరుగుదారిలో అతడు ఈ స్టేషనులను మరల చూడలేదు.

ఈ హత్యను గూర్చిన వ్యాజ్యమే న్యాయశాస్త్ర గ్రంథములలో పాకాల నారాయణస్వామి కేసు అను పేరుతో ప్రసిద్ధి కెక్కినది. 1939 జనవరి 19వ తేదీన లండనులోని ప్రీవీ కౌన్సిలు దీనిపై తీర్పు చెప్పినది. ఆ తీర్పును రచించినవాడు లార్డ్ ఆట్కిన్. నేటికిని మన దేశములో న్యాయశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు దీనిని చదువును. హంతకుడెవడు అను ప్రశ్నకంటె, హంతకుడెవడో తెలిసికొనుటకు ఏ మాటలను వినవచ్చును, ఏ మాటలను వినరాదు అను ప్రశ్నకు ఈ తీర్పు సమాధానము చెప్పుటయే దానికి కారణము.

రెండు ప్రశ్నలు

పలాసలో జీడిపప్పు వ్యాపారము ఎరిగినవారికి ఒక సంగతి తెలియును. తోటనుండి వచ్చిన గింజ నేరుగా కాటా మీదికి ఎక్కదు. ముందు పెంకు పోవలెను, పుచ్చినవి పోవలెను. అట్లు ఏరిన పిదపనే గుండు ఏది, బద్ద ఏది, ముక్క ఏది అని వేరుచేసి, తూచి, ధర కట్టుదురు. ఏరుట వేరు, తూచుట వేరు.

న్యాయస్థానములో సాక్ష్యము విషయమున కూడ ఇట్టి రెండు మెట్లు కలవు. ఈ మాటను, ఈ కాగితమును, ఈ వస్తువును న్యాయస్థానము అసలు చూడవచ్చునా అనునది మొదటి మెట్టు. దీనినే గ్రాహ్యత అందురు. చూచిన తరువాత దానిని ఎంతవరకు నమ్మవచ్చును అనునది రెండవ మెట్టు. ఇది సాక్ష్యము యొక్క విలువ, లేక తూకము. గ్రాహ్యమైన సాక్ష్యమంతయు నమ్మదగినది కాదు. అదే విధముగా, నిజమే అయినప్పటికిని గ్రాహ్యము కాని సాక్ష్యము ఉండవచ్చును. ఈ రెండవ మాట వినువారికి మొదట వింతగా తోచును. నిజమును త్రోసిపుచ్చు న్యాయస్థానము న్యాయస్థానమెట్లగును? ఈ సందేహము తీరవలెనన్నచో కొంత చరిత్ర తెలియవలెను.

పూర్వపు పద్ధతి

సాక్ష్యమును గూర్చిన ఆలోచన మన దేశమునకు క్రొత్త కాదు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అను వ్యాఖ్యను రచించెను. ఇతడు కల్యాణి చాళుక్యరాజైన ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ గ్రంథమును అనుసరించి 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయము అను పేరుతో తెలుగున పద్యకావ్యము వ్రాసెను. ధర్మశాస్త్రమును తెలుగువారికి తెలుగులో అందించిన తొలి గ్రంథమిది.

ఆ శాస్త్రము ప్రకారము రుజువులు మూడు విధములు: లిఖితము, అనగా పత్రము, భుక్తి, అనగా చిరకాలపు అనుభవము, సాక్షులు. ఈ మూడును లేనప్పుడు మాత్రమే దివ్యమునకు, అనగా త్రాసు, అగ్ని, నీరు మొదలగు వానితో చేయు పరీక్షకు పోవలెను. మనుష్య ప్రమాణము దొరకినప్పుడు దైవ ప్రమాణము అక్కరలేదనుట గమనింపదగినది. సాక్షిగా ఎవరు పనికివత్తురు, ఎవరు పనికిరారు అనుదానికి కూడ నియమములుండెను. కాని ఆ నియమములలో మనిషి వర్ణమును, స్త్రీ పురుష భేదమును లెక్కకు వచ్చెను. చెప్పిన మాటకంటె చెప్పినవాడెవడు అనుదానికి ప్రాధాన్యము హెచ్చుగా ఉండెను. ఆ కాలమున ఇతర దేశములలోను ఇట్టి భేదములు లేకపోలేదు.

మద్రాసు రాజధానిలో 1855

ఇంగ్లీషు కంపెనీ పాలనలో నేరమును రుజువు చేయుటకు పోలీసులకు సులభమైన మార్గమొకటి ఉండెను. అది ముద్దాయి నోటనే నేరమును ఒప్పించుట. ఒప్పుకొననివానిని ఒప్పించు సాధనములును ఉండెను. రెండు చెక్కల నడుమ వ్రేళ్లుంచి నొక్కు కిట్టి, తలను కాళ్లకు వంచి కట్టి ఎండలో నిలుపుట మొదలగునవి అట్టివి. పన్ను బకాయి వసూలు చేయుటకును, నేరమును ఒప్పించుటకును ఇవే సాధనములు. చాల తావులలో రెవిన్యూ ఉద్యోగియే పోలీసు ఉద్యోగి కూడ.

ఈ సంగతి లోకమునకు తెలియుటలో ఒక తెలుగువాని పాత్ర గొప్పది. మద్రాసు వర్తకుడైన గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో క్రెసెంట్ పత్రికను నెలకొల్పెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, రైతుల కష్టములను బ్రిటిషు పార్లమెంటునకు అర్జీల మూలమున తెలిపెను. 1853లో డాన్బీ సేమూర్ అను పార్లమెంటు సభ్యుడు మద్రాసు రాజధానికి వచ్చి స్వయముగా విచారించి వెళ్లినాడు. 1854లో ఈ విషయము కామన్సు సభలో చర్చకు వచ్చినది. తత్ఫలితముగా హింసలను విచారించుటకు ఒక సంఘము ఏర్పడి 1855లో నివేదికను సమర్పించినది. న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ ఆ సంఘములోని సభ్యులలో ఒకడు. హింస జరుగుచున్నమాట నిజమేనని ఆ నివేదిక తేల్చినది.

ఆ నివేదిక చట్టముపై తన ముద్రను వదలినది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, పోలీసు అధికారి యెదుట చేసిన నేరపు ఒప్పుదల ముద్దాయికి వ్యతిరేకముగా సాక్ష్యము కాదని శాసించెను. పిదప జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రచించిన భారత సాక్ష్య చట్టము 1872 సెప్టెంబరు 1వ తేదీన అమలులోనికి వచ్చినప్పుడు, ఈ నియమము దాని 25వ సెక్షనుగా నిలిచినది.

ఇప్పుడు మొదటి సందేహమునకు సమాధానము కొంత దొరకుచున్నది. పోలీసు స్టేషనులో చేసిన ఒప్పుదల నిజము కావచ్చును. అయినను చట్టము దానిని గడప దాటనీయదు. ఆ ఒక్క నిజమును లోనికి రానిచ్చినచో, దాని వెంట కిట్టియు లోనికి వచ్చునని చట్టము భయపడినది. ఒప్పుదల పనికిరాదని తెలిసినప్పుడు దానికొరకు హింసించుటలో లాభముండదు. ఒక్కొక్క కేసులో కొంత నష్టపడియైనను, అన్ని కేసులలోను మనుష్యుని కాపాడుట ఈ నియమము ఉద్దేశము.

బరంపురము కేసులోని సంగతులు

మరల ట్రంకుపెట్టె కథకు వత్తము. 1936 ఏప్రిల్ 1వ తేదీవరకు బరంపురము, జలంత్రకోట, సోంపేట అన్నియు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినవే. ఆనాడు ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా బరంపురము అటు పోయినది. సోంపేట, టెక్కలి ప్రాంతములు మద్రాసు రాజధానిలోనే ఉండిపోయి, విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. ఒరిస్సాకు అప్పట్లో ప్రత్యేక హైకోర్టు లేదు. అందుచేత బరంపురము కేసు అప్పీలు పాట్నా హైకోర్టుకు పోయినది.

చనిపోయినవాడు పిఠాపురము దివాను కొలువులో బంట్రోతుగా ఉండినవాడు. ముద్దాయి ఆ దివానుకు అల్లుడు. ముద్దాయి భార్య 1936లో పలుమార్లు కొంచెము కొంచెముగా ఆ బంట్రోతు వద్ద సుమారు 3000 రూపాయలు నూటికి 18 వంతున వడ్డీకి అప్పుచేసినది. ఆమె సంతకముతోనున్న సుమారు 50 చీట్లు, ఉత్తరములు అతని ఇంట దొరకినవి. 1937 మార్చి 20వ తేదీన అతనికొక ఉత్తరము వచ్చినది. అందు సంతకము లేదు. అందులోని మాటలు న్యాయస్థానమున ఖచ్చితముగా రుజువు కాలేదు. కాని అతడు దానిని తన భార్యకు చూపి, బాకీ పుచ్చుకొనుటకు రమ్మని ముద్దాయి భార్య వ్రాసినదనియు, అందుకై బరంపురము పోవుచున్నాననియు చెప్పెను. మరునాడు బయలుదేరెను. ఆపై రెండు దినములకు అతని కళేబరము పూరీ చేరెను.

ఆ ట్రంకుపెట్టెను ముద్దాయి కొరకు ఒక చాకలి కొన్నాడనియు, మార్చి 23వ తేదీన అది జట్కాలో స్టేషనుకు పోవునప్పుడు ముద్దాయి వెంట ఉన్నాడనియు ప్రాసిక్యూషను సాక్షులు చెప్పిరి. అరెస్టు కాకముందు ముద్దాయి పోలీసులకు ఒక మాట చెప్పినాడు. ఆ మనిషి 21వ తేదీ సాయంకాలము తన ఇంటికి వచ్చి, వెలుపలి గదిలో పడుకొని, 22వ తేదీ సాయంకాలము పాసింజరు రైలులో వెళ్లిపోయెనని ఆ మాట సారాంశము. సెషన్సు న్యాయస్థానము ముద్దాయికి మరణశిక్ష విధించినది. పాట్నా హైకోర్టు దానిని స్థిరపరచినది.

ప్రీవీ కౌన్సిలు ముందు నిలిచిన ప్రధాన ప్రశ్నలు రెండు. చనిపోయినవాడు భార్యతో చెప్పిన మాట సాక్ష్యమగునా? ముద్దాయి పోలీసులతో చెప్పిన మాట సాక్ష్యమగునా? మొదటి మాటకు ప్రమాణము లేదు, అడ్డుప్రశ్నకు అవకాశము లేదు. చెప్పినవాడు బ్రదికి లేడు. రెండవ మాట చెప్పినవాడు బ్రదికియున్నాడు, తానే చెప్పినాడు. పామరదృష్టికి రెండవదే మేలైన సాక్ష్యముగా తోచును. ప్రీవీ కౌన్సిలు తీర్పు దీనికి సరిగా విరుద్ధము. మొదటిది గ్రాహ్యమనియు, రెండవది అగ్రాహ్యమనియు లార్డ్ ఆట్కిన్ తేల్చెను.

చనిపోయినవాని మాట

ఒకరు చెప్పగా విన్న మాటను మరియొకరు న్యాయస్థానములో చెప్పుట వినికిడి సాక్ష్యము. టెక్కలి సంతలో ఎవరో అనుకొనగా విన్నానను మాటతో ఎవనినైనను జైలుకు పంపుట న్యాయము కాదు. అసలు చెప్పినవానిని అడ్డుప్రశ్నలు వేయుటకు వీలులేకపోవుటయే ఇందలి లోపము. కాని చెప్పినవాడు చంపబడినప్పుడు ఈ నియమమును పట్టుబట్టినచో, సాక్షిని చంపినవానికే ఆ చావు లాభకరమగును. అందుచేత 1872 చట్టపు 32వ సెక్షను, చనిపోయినవాడు తన చావునకు కారణమునుగాని, ఆ చావునకు దారితీసిన వ్యవహారపు పరిస్థితులనుగాని చెప్పిన మాటను సాక్ష్యముగా అనుమతించినది. దీనినే మరణ వాంగ్మూలము అందురు.

ఇంగ్లండు న్యాయములో మరణ వాంగ్మూలము చెల్లవలెనన్నచో, చెప్పువాడు తాను ఇక బ్రదుకనని నిశ్చయించుకొని చెప్పియుండవలెను. చావు ముంగిట నిలిచినవాడు అబద్ధమాడడను నమ్మకము దానికి మూలము. పిఠాపురము మనిషి రైలెక్కునప్పుడు అతని మనస్సులో చావు లేదు. రావలసిన బాకీ ఉండెను. కావున ఇంగ్లీషు నియమము ప్రకారము అతని మాట చెల్లదు. భారత చట్టములో అట్టి షరతు లేదని లార్డ్ ఆట్కిన్ చూపెను. తాను ఎచ్చటకు పోవుచున్నాడో, ఎవరు రమ్మన్నారో, ఎందుకు పోవుచున్నాడో చెప్పిన మాటలు, ఆ పోయినచోటనే అతడు చంపబడినప్పుడు, ఆ వ్యవహారపు పరిస్థితులలోనివే యగును.

అయితే హద్దు కూడ గీయబడినది. పరిస్థితికిని చావునకును దగ్గర సంబంధముండవలెను. వానివలన నాకు భయముగా ఉన్నదని ఎప్పుడో అన్న సాధారణమైన మాట, చావు జరిగిన సందర్భమునకు నేరుగా సంబంధింపనిదైనచో, చెల్లదు.

ముద్దాయి మాట

ఇక రెండవది. ముద్దాయి చెప్పినది నేరపు ఒప్పుదలయా? కాదు. ఒప్పుదల అనగా నేరమును స్పష్టముగా ఒప్పుకొనుటయైనను కావలెను, లేక నేరమునకు కావలసిన సంగతులన్నింటిని ఇంచుమించుగా ఒప్పుకొనుటయైనను కావలెను అని తీర్పు చెప్పుచున్నది. హత్యకు వాడిన కత్తి నాదే అని ఒప్పుకొనుట ముద్దాయికి మిక్కిలి ప్రమాదకరమే. అయినను అది హత్యను ఒప్పుకొనుట కాదు. ఇక్కడ ముద్దాయి, ఆ మనిషి తన ఇంటికి వచ్చిన మాట మాత్రమే చెప్పినాడు. ప్రాణములతో వెళ్లిపోయెనని కూడ చెప్పినాడు.

ఒప్పుదల కాదు గనుక 25వ సెక్షను అడ్డురాదు. కాని క్రిమినల్ ప్రొసీజరు కోడులో 162వ సెక్షను అని మరియొక తలుపు కలదు. దర్యాప్తు సమయములో ఏ వ్యక్తియైనను పోలీసు అధికారికి చెప్పిన మాటను, ఆ చట్టము పేర్కొన్న పరిమితమైన పనికి తప్ప, విచారణలో వాడరాదు. ఏ వ్యక్తియైనను అను మాటలో ముద్దాయి చేరునా, సాక్షి మాత్రమే చేరునా అనుదానిపై హైకోర్టులలో ఏకాభిప్రాయము లేకుండెను. తరువాత ముద్దాయిగా నిలిచినవాడును ఆ మాటలో చేరునని ప్రీవీ కౌన్సిలు తేల్చినది. చట్టపు మాటలు స్పష్టముగా ఉన్నప్పుడు, వానిని మన ఇష్టానుసారము కుదించుటకు వీలులేదు. కావున ఆ వాంగ్మూలము విచారణలోనికి రాకుండవలసినది.

అయినను అప్పీలు నెగ్గలేదు. ఒక అగ్రాహ్య సాక్ష్యము పొరపాటున లోనికి వచ్చినంత మాత్రమున తీర్పు కూలిపోదు. దానిని తీసివేసి, మిగిలినదానిని తూచి చూడవలెను. బాకీ చీట్లు, బరంపురము పోవుచున్నానన్న మాట, ట్రంకుపెట్టె కొనుగోలు, జట్కా ప్రయాణము మిగిలియే యున్నవి. అవి శిక్షను నిలుపుటకు చాలునని ప్రీవీ కౌన్సిలు భావించి అప్పీలును కొట్టివేసినది. ఒక మనిషి ప్రాణము త్రాసులో ఉండగా, ఏరుట, తూచుట అను రెండు పనులును వేరువేరుగా జరిగిన తీరు ఈ తీర్పునందు స్పష్టముగా కనబడును.

గడ్డివామిలోని బల్లెము

మరి ఏడెనిమిదేండ్లకు తెలుగునాటి మరియొక కేసు ప్రీవీ కౌన్సిలుకు ఎక్కినది. అది గుంటూరు జిల్లాలో జరిగిన ముఠాకక్షల హత్యలకు సంబంధించిన పులుకూరి కోటయ్య కేసు. 1946 డిసెంబరులో సర్ జాన్ బోమాంట్ దీనిపై తీర్పు చెప్పెను.

పోలీసుల అదుపులోనున్న ముద్దాయి, తాము పొంచియుండి కొట్టి చంపిన వైనమంతయు చెప్పి, బల్లెమును కర్రను ఒక గడ్డివామిలో దాచినాననియు, వచ్చినచో చూపెదననియు అన్నాడు. ఆయుధము దొరకినది. పోలీసు అదుపులో చెప్పిన మాట సామాన్యముగా చెల్లదు. కాని 27వ సెక్షను ఒక మినహాయింపు చూపినది: ఆ మాటవలన ఏదైన సంగతి బయటపడినచో, ఆ సంగతికి స్పష్టముగా సంబంధించినంత మట్టుకు చెల్లును. అట్లయినచో హత్య వైనమంతయు చెల్లునా?

చెల్లదని తీర్పు. బయటపడిన సంగతి అనగా వస్తువు మాత్రమే కాదు. అది ఎచ్చట ఉన్నది, అక్కడ ఉన్నట్లు ముద్దాయికి తెలియును అనునది. నా ఇంటి కప్పులో కత్తి దాచినానన్న మాటవలన లోకములో కత్తులున్నవని బయటపడలేదు. ఆ కత్తి అక్కడ ఉన్నట్లు చెప్పినవానికి తెలియునని బయటపడినది. దానితోనే పొడిచితిని అను మాటకు ఆ దొరకుటతో సంబంధము లేదు. కావున దాచిన చోటు చెప్పిన మాట లోనికి వచ్చును. చంపితినన్న మాట వెలుపలనే నిలుచును. వడ్లనుండి ఊకను చెరిగినట్లు, ఒకే వాక్యమును రెండుగా విడదీయుట ఇందలి నేర్పు.

స్కాట్లండులో ఇదే ప్రశ్న

సముద్రములకావల స్కాట్లండులో ఇట్టి సందర్భమే 1954లో తటస్థించినది. ఛామర్స్ అను 16 ఏండ్ల బాలునిపై హత్యానేరము మోపబడెను. పోలీసులు అతనిని గట్టిగా ప్రశ్నించిన పిదప, అతడు వారిని ఒక పొలమునకు తీసికొనిపోయి, హతుని డబ్బుసంచి పడియున్న చోటు చూపెను. మన 27వ సెక్షను ప్రకారమైనచో ఆ చోటు చూపిన సంగతి చెల్లును. కాని లార్డ్ కూపర్ అధ్యక్షతనున్న న్యాయస్థానము, ప్రశ్నించుటయు పొలమునకు పోవుటయు ఒకే వ్యవహారమనియు, మొదటిది అన్యాయమైనప్పుడు రెండవదియు అన్యాయమే యనియు తలచి, శిక్షను రద్దు చేసినది. అక్కడి పరీక్ష ఒకే ప్రశ్నపై నిలిచినది: ముద్దాయిపట్ల ఇది న్యాయముగా జరిగినదా?

తూకము విషయములో కూడ స్కాట్లండు మార్గము వేరు. ఒక్క సాక్షి మాటపై అక్కడ ఎవనిని శిక్షింపరాదు. నేరము జరిగినదనుటకును, చేసినవాడు ముద్దాయియే యనుటకును వేరువేరు మూలములనుండి రెండు ఆధారములుండవలెను. 2023, 2024 సంవత్సరములలో అక్కడి విస్తృత ధర్మాసనములు దీనిని కొంత సడలించినను, మూల నియమము నిలిచియే యున్నది. నేరస్థుడు, నిరపరాధి అను రెండు తీర్పులతోపాటు, రుజువు కాలేదు అను మూడవ తీర్పు కూడ అక్కడ చిరకాలము ఉండెను. దానిని తొలగించుటకు 2025లో ఆ దేశపు శాసనసభ చట్టము చేసినది.

మన చట్టము సంఖ్యను కోరదు. ఒక సంగతిని రుజువు చేయుటకు ఇంతమంది సాక్షులుండవలెనను నియమము లేదని 1872 చట్టపు 134వ సెక్షను చెప్పినది. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షులను మూడు తెగలుగా విభజించినది. పూర్తిగా నమ్మదగినవాడు మొదటివాడు, అతడొక్కడే చాలును. పూర్తిగా నమ్మరానివాడు రెండవవాడు. అట్టివారు పదిమంది ఉన్నను పనికిరారు. మూడవవాడు ఈ రెండును కానివాడు. అతని మాటకు మరియొక ఆధారము వెదకవలెను. ఉద్దానములో ఒక కొబ్బరితోట దొంగతనమునకు ఒకే కూలి సాక్షి కావచ్చును. రెండవ సాక్షి లేడని ఆ కూలి మాటను త్రోసివేయుట ఎంత తప్పో, పెద్దమనుష్యులు పలువురు ఒకే మాట అప్పజెప్పిరని నమ్ముటయు అంతే తప్పు.

కంటితో చూచినవారు లేనప్పుడు పరిస్థితి సాక్ష్యమే శరణ్యము. దీనిని గొలుసుతో పోల్చుట వాడుక. 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు దీనికి ఐదు సూత్రములు నిర్ణయించినది. ప్రతి సంగతియు పూర్తిగా రుజువు కావలెను. అవన్నియు ముద్దాయి దోషమునకే సరిపోవలెను. అవి నిశ్చయాత్మకములు కావలెను. మరియొక ఊహకు తావీయరాదు. గొలుసులో లంకె తెగరాదు. అనుమానము ఎంత బలముగా ఉన్నను రుజువు కాజాలదు. ఆ కేసులో చనిపోయినవారి మాటలను గూర్చి చర్చించుచు, సుప్రీంకోర్టు పాకాల నారాయణస్వామి తీర్పును మరల పరిశీలించినది.

నేటి స్థితి

2024 జులై 1వ తేదీనుండి 1872 చట్టము పోయి, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. సెక్షనుల సంఖ్యలు మారినవి. మరణ వాంగ్మూలమునకు చెందిన 32వ సెక్షను ఇప్పుడు 26వది. పోలీసుల యెదుటి ఒప్పుదల, దానిలోని మినహాయింపు 23వ సెక్షనులో చేరినవి. సాక్షుల సంఖ్యను గూర్చినది 139వది. ప్రొసీజరు కోడులోని 162వ సెక్షను భారతీయ నాగరిక సురక్షా సంహితలో 181వదిగా ఉన్నది. అంకెలు మారినను, పాత తీర్పులు ఏర్పరచిన ఆలోచన మారలేదు.

మరణ వాంగ్మూలమును తూచు విధము కూడ క్రమముగా స్పష్టపడినది. కాలిన గాయములతో ఆసుపత్రిలోనున్న స్త్రీ చెప్పిన మాటను మేజిస్ట్రేటు వ్రాసికొనును. ఆమెకు తెలివి ఉన్నదని మాత్రమే డాక్టరు ధ్రువీకరించి, చెప్పుటకు తగిన మనఃస్థితి ఉన్నదని వ్రాయనిచో, ఆ వాంగ్మూలము చాలునా? 1999లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన పాపారంబక రోశమ్మ కేసులో సుప్రీంకోర్టు చాలదన్నది. 2002లో లక్ష్మణ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ అభిప్రాయమును సవరించినది. డాక్టరు ధ్రువపత్రము జాగ్రత్త కొరకు మాత్రమే. వాంగ్మూలము తీసికొన్నవాడు ఆమె తగిన స్థితిలో ఉన్నదని నమ్మకము కలుగునట్లు చెప్పగలిగినచో, పత్రము లేదను కారణముచేత దానిని త్రోసివేయరాదు.

విజ్ఞానశాస్త్రము న్యాయస్థానమునకు క్రొత్త సాక్షులను తెచ్చినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతిని కనుగొనెను. 1988 నాటికి హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున లాల్జీ సింగ్ ఆ పరీక్షను మన దేశములోనే చేయు మార్గమును సిద్ధపరచెను. కాని యంత్రము చెప్పిన మాటయు గడప దాటవలెను, తూకమునకు లోబడవలెను. నమూనాను ఎవరు తీసిరి, ఎట్లు భద్రపరచిరి, చేతులు మారునప్పుడు ముద్ర చెదరినదా అను ప్రశ్నలకు సమాధానము లేనిచో, ఎంత సూక్ష్మమైన పరీక్షయైనను వ్యర్థము. ఆనాడే ఈ పరీక్ష ఉండియున్నచో, పూరీ పెట్టెలోని కళేబరము ఎవరిదో త్వరగా తెలిసియుండును. కాని అతనిని బరంపురమునకు రమ్మన్నదెవరో ఏ పరీక్షయు చెప్పజాలదు. దానికి రైలెక్కబోవుచు భార్యతో అన్న ఒక్క మాటయే ఆధారము.

ఆ మాట ఒక ఇంటి గడప వద్ద పలుకబడినది. దానిని వ్రాసికొన్నవారు లేరు, సంతకము చేసినవారు లేరు. అయినను చట్టము దానికి తలుపు తెరచినది. అధికారి యెదుట పలికి, కాగితముపై నెక్కిన మరియొక మాటకు తలుపు మూసినది. ఎవని మాట ఎక్కువ గౌరవమైనది అని చట్టము చూడలేదు. ఏ మాటను స్వీకరించినచో బలహీనునికి రక్షణ, ఏ మాటను స్వీకరించినచో బలవంతునికి దుర్వినియోగము చేయు అవకాశము కలుగును అని చూచినది. సాక్ష్య చట్టములోని పొడి సెక్షనుల వెనుక ఇట్టి అనుభవము, కొన్ని తావుల కిట్టి బాధయు దాగియున్నవి.